ధైర్యం చెప్పకుండా పక్కన కూర్చోవడం

బాధలో ఉన్న మనిషి ఎదుట కూర్చున్నప్పుడు మనకు మొట్టమొదట కలిగేది ఆ బాధను వెంటనే మాన్పించేయాలన్న తొందర. ఆ తొందరలో ఎదుటివారి మీద ఉన్న ప్రేమ ఎంతో, వారి బాధను చూస్తూ ఉండలేని మన నిస్సహాయత కూడా అంతే ఉంటుందని నాకు చాలాకాలంగా అనుమానం. ఈ రోజు పైకి ఎంత మామూలుగా గడిచినా, ఆఫీసులోనూ, ఇంటికి వచ్చాక ఫోన్‌లోనూ అదే సంగతి వేరువేరు మనుషుల రూపంలో ఎదురైంది. మరిచిపోకముందే వివరంగా రాసుకోవాలనిపించింది.

అన్నిటికన్నా ముందు అది నాలోనే ఎదురైంది. చిన్ననాటి స్నేహితురాలు ఒకామెకు నిన్న రాత్రి చాలా పెద్ద సందేశం పంపాను. కొన్నాళ్లుగా మనసులో నలుగుతున్నవి, ఇంకెవరితోనూ చెప్పుకోలేనివి అందులో రాశాను. ఉదయం ఫోన్ చూసేసరికి ఆమె నుంచి "సరే." అన్న ఒక్క మాట ఉంది. దాని చివర చుక్క కూడా ఉంది. ఆ చుక్క వంక చూస్తూ అలాగే నిలబడిపోయాను. కడుపులో ఏదో జారినట్లయింది, అరచేతులు చల్లబడ్డాయి, మనసు మాత్రం అప్పటికే పాత లెక్కలు తిరగేయసాగింది. ఆ మధ్య ఫోన్ చేస్తే ఎత్తలేదు కదా, కలిసినప్పుడు కూడా ఏదో పని ఉందని త్వరగా వెళ్లిపోయింది కదా, వేరే స్నేహితులతో దిగిన ఫొటోలో ఎంత హాయిగా నవ్వుతోందో కదా అంటూ, విడిగా చూస్తే ఏ అర్థమూ లేని చిన్న చిన్న విషయాలన్నీ వరుసగా వచ్చి నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టాయి.

అభద్రతాభావం నాలో పనిచేసే తీరు ఇదే. ముందు ఒళ్లు బెదురుతుంది. ఆ బెదురుకు తగిన కారణాన్ని మనసు తరువాత తీరిగ్గా వెతికి తెస్తుంది, తెచ్చాక అదే అసలు కారణమని నన్ను నమ్మిస్తుంది. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదని ఇప్పుడు నాకు తెలుసు. నయోమీ ఐసెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2003లో ఒక ప్రయోగం చేశారు. కంప్యూటర్ తెర మీద ముగ్గురు బంతి విసురుకునే ఆట అది. కాసేపటి తరువాత మిగతా ఇద్దరూ తమలో తామే ఆడుకుంటూ మూడో మనిషికి బంతి వేయడం మానేస్తారు. అలా వెలివేతకు గురైన మనిషి మెదడులో, శారీరకమైన నొప్పి తెచ్చే బాధతో సంబంధం ఉన్న భాగమే చురుకైనట్లు స్కానింగ్‌లో కనిపించింది. ముక్కూ మొహం తెలియని వాళ్లు ఉత్తుత్తి బంతి వేయకపోతేనే మనిషికి అంత కష్టం కలిగితే, మనసు విప్పి చెప్పుకున్న స్నేహితురాలు ఒక్క మాటతో సరిపెట్టినప్పుడు ఒళ్లు జలదరించడంలో వింత ఏముంది? "ఇంత చిన్న విషయానికా" అని నన్ను నేను గద్దించుకునే అలవాటు అందుకే మానుకున్నాను. గద్దింపు వల్ల భయం పోదు, దానికి తోడు అవమానం కూడా వచ్చి చేరుతుంది.

కుర్చీలో కూర్చుని, ఊపిరి మామూలుగా తీసుకుని చాలా నెమ్మదిగా వదిలాను. ఊపిరి వదిలే వేళ గుండె వేగం సహజంగానే కొంచెం తగ్గుతుంది కాబట్టి, వదలడాన్ని సాగదీస్తే ఒంటికి కాస్త తెరిపి దొరుకుతుంది. ఆ తరువాత ఒక కాగితం మీద, "నాకు భయంగా ఉంది. నేను ఆమెకు బరువైపోయానేమోనని భయం. అంత వివరంగా రాసినందుకు సిగ్గుగా కూడా ఉంది" అని రాశాను. రాసిన దాంతో వాదన పెట్టుకోలేదు, ఆమెకు నేనంటే ఇష్టమో కాదో తేల్చే ప్రయత్నమూ చేయలేదు. మనసులో ఉన్న భావాన్ని మాటల్లో పెట్టడానికి కూడా కొంత బలం ఉంది. 2007లో మేథ్యూ లీబర్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం, కోపంగానో భయంగానో ఉన్న ముఖాల బొమ్మలు చూపించి ఆ భావం పేరు చెప్పమన్నప్పుడు, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే మెదడు భాగంలో అలజడి తగ్గడాన్ని గమనించింది. నాకు ఎప్పుడూ అర్థమయ్యేది మాత్రం ఇంతే: పేరు లేని గుబులు ఇల్లంతా తిరుగుతుంది, పేరు పెట్టాక అది ఒక చోట కూర్చుంటుంది.

"ఏమైంది? కోపం వచ్చిందా?" అని ఇంకో సందేశం పంపాలని వేళ్లు ఉవ్విళ్లూరాయి. సాయంత్రం దాకా ఆగుదాం, అప్పటికీ అడగాలనిపిస్తే అప్పుడే అడుగుదాం అని నాకు నేను గడువు పెట్టుకున్నాను. మధ్యాహ్నం ఆమే ఫోన్ చేసింది. ఉదయం ప్రయాణంలో ఉండి, చూశానని తెలియడానికి ఆ ఒక్క మాట పంపిందట. నేను రాసినదంతా తీరిగ్గా చదివి మాట్లాడదామని అనుకుందట. వినగానే సంతోషం వేసిన మాట నిజమే. అయితే ఆ ఫోన్ రాకముందే, పని మొదలుపెట్టిన కాసేపటికే నేను కుదుటపడ్డాను. ఆ సంగతినే ప్రత్యేకంగా రాసిపెట్టుకుంటున్నాను, ఎందుకంటే ఏదో ఒక రోజు ఆ "సరే"కి నేను భయపడిన అర్థమే నిజమై ఉండవచ్చు. ఆ రోజు కూడా నేను కూర్చుని, ఊపిరి పీల్చుకుని, పని చేసుకోగలగాలి.

భోజన విరామం అయ్యాక సమావేశం జరిగింది. మా విభాగంలో ఈమధ్యే చేరిన అమ్మాయి తాను తయారుచేసిన నివేదికను వినిపించింది. చివర్లో పై అధికారి ఒకరు ఒక అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగారు. ఆయన గొంతులో కోపమేమీ లేదు, మామూలు ప్రశ్నే. ఆమె తడబడి, చూసి చెబుతానంది. సమావేశం ముగిశాక ఆమె సీటు ఖాళీగా ఉండడం చూసి వెతికితే, ఎవరూ వాడని వెనక మెట్ల మీద కూర్చుని కనిపించింది. మెడలోని గుర్తింపు కార్డు తాడును చూపుడువేలికి గట్టిగా చుట్టి, వేలి కొస తెల్లబడ్డాక విప్పి, రంగు తిరిగి రాగానే మళ్లీ చుడుతోంది. నన్ను చూసి లేవబోయింది. కూర్చోమని చెప్పి, ఆమెకు ఒక మెట్టు కింద నేనూ కూర్చున్నాను.

చాలాసేపటికి, "మేడమ్, నన్ను పొరపాటున తీసుకున్నారేమో. ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చాను, ఇవాళ అందరికీ తెలిసిపోయింది" అంది.

"అయ్యో, నీకేం తక్కువ? ఎంత చక్కగా చేశావో!" అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అది అబద్ధం కూడా కాదు, ఆమె నిజంగానే చక్కగా చేసింది. అయినా ఆపుకున్నాను. పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ నిపుణులు 1978లో ప్రచురించిన వ్యాసంలో, చదువులోనూ వృత్తిలోనూ బాగా రాణించిన 150 మందికి పైగా మహిళలతో పనిచేసిన అనుభవాన్ని వివరించారు. వారిలో చాలామంది తమ విజయాలు అదృష్టం వల్లనో, ఎదుటివారు తమను ఎక్కువగా అంచనా వేయడం వల్లనో వచ్చాయనీ, ఏదో ఒక రోజు తమ అసలు రంగు బయటపడుతుందనీ లోలోపల భయపడుతూ ఉండేవారు. అటువంటి భయంలో ఉన్న మనిషికి మన పొగడ్త ఎలా చేరుతుందో ఒక్కసారి ఆలోచిస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. "ఈమెను కూడా మోసం చేయగలిగాను" అన్నట్లుగా చేరుతుంది. మనం ఇంకాస్త పైకెత్తిన కొద్దీ, పడబోయే ఎత్తు కూడా పెరిగినట్లే ఆమెకు తోస్తుంది.

అందుకని, "ఆయన అడిగినప్పుడు నీకేమనిపించింది?" అని మాత్రం అడిగాను. చెవులు మూసుకుపోయినట్లయిందనీ, కాగితం మీది అంకెలు కనబడుతున్నా బుర్రకు ఎక్కలేదనీ, అందరూ తన వైపే చూస్తున్నట్లు అనిపించిందనీ చెప్పింది. చెబుతూ ఏడ్చింది. నేను "ఊఁ" అనడం తప్ప మరేమీ అనలేదు. ఆ మౌనం నాకు ఎంత బరువుగా అనిపించిందో ఇక్కడ రాయకపోతే ఈ టపాకు అర్థం లేదు. నా భుజాలు బిగుసుకున్నాయి. ఏదైనా చెప్పు, ఏదైనా చెయ్యి, లేకపోతే నువ్వు ఇక్కడ ఉండి లాభమేమిటి అని లోపలి నుంచి ఎవరో పొడుస్తున్నట్లే ఉంది. ఎదుటివారి కన్నీళ్లు మన పనికిమాలినతనానికి రుజువులా కనబడటం కూడా అభద్రతే. దానికి లొంగిపోయి మాట్లాడే మాటలు ఎదుటివారిని చేరవు, మన గుబులును మనమే జోకొట్టుకోవడానికి ఉపయోగపడతాయి. మనసులోనే "నాకు కంగారుగా ఉంది" అనుకుని, భుజాలు వదులు చేసుకుని, అలాగే కూర్చున్నాను.

ఊరికే పక్కన ఉండడం వల్ల ఏమవుతుందని అడిగేవారికి చెప్పడానికి నా దగ్గర ఒక ప్రయోగం ఉంది. 2006లో జేమ్స్ కోన్, ఆయన తోటివారు 16 మంది వివాహిత స్త్రీలను ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి, కాలికి చిన్న కరెంటు షాక్ తగలవచ్చని హెచ్చరించే గుర్తులు చూపించారు. ఒంటరిగా ఉన్నప్పుడు మెదడులో కనిపించిన అలజడి, ఎవరో తెలియని మనిషి చేయి పట్టుకున్నప్పుడు కొంత తగ్గింది, భర్త చేయి పట్టుకున్నప్పుడు ఇంకా తగ్గింది, ఆ దాంపత్యం ఎంత బాగుంటే అంత ఎక్కువగా తగ్గింది. అక్కడ ఎవరూ ఎవరికీ ధైర్యం చెప్పలేదు, సలహా ఇవ్వలేదు, చేయి పట్టుకున్నారంతే. నేను ఆ అమ్మాయి చేయి పట్టుకోలేదు, ఎందుకంటే అది ఆమెకు నచ్చుతుందో లేదో నాకు తెలియదు, నేను ఆమె కన్నా పెద్ద పదవిలో ఉన్నాను కూడా. ఒక మెట్టు కింద కూర్చోవడమే అక్కడ నాకు తగిన దగ్గరతనం అనిపించింది.

కాసేపటికి ఏడుపు దానంతట అదే తగ్గింది. ముక్కు తుడుచుకుని, "ఆ అంకె ఎక్కడిదో నాకు తెలుసు మేడమ్. మూడో పట్టికలోది" అంది. ఆ మాట నేను చెప్పి ఉంటే ఆమెదయ్యేది కాదు. అప్పుడు, ఆ సంగతే రెండు వాక్యాల్లో ఆ అధికారికి రాసి పంపితే ఎలా ఉంటుందని అడిగాను. ఏడుస్తున్నప్పుడు ఇదే సలహా ఇచ్చి ఉంటే, తన బాధను త్వరగా ముగించమని చెబుతున్నట్లు ఉండేది.

అదే అంతస్తులో పనిచేసే మరొకరు మెట్ల దగ్గర మమ్మల్ని చూసి, తరువాత నాతో, "ఈ కాలం పిల్లలకు మనసు గట్టిగా ఉండదండీ, కష్టాలంటే ఏమిటో తెలియదు" అన్నారు. ఆయన చెడ్డవారు కారు. చిన్నప్పటి నుంచి ఏడుపు మింగడమే గట్టితనమని విని పెరిగినవారు. కానీ మింగిన ఏడుపు ఎక్కడికీ పోదు. ఎమిలీ బట్లర్ బృందం 2003లో ప్రచురించిన పరిశోధనలో, కలత కలిగించే ఒక చిత్రాన్ని చూసిన తరువాత ఇద్దరిద్దరుగా మాట్లాడుకోమన్నప్పుడు, జంటలో ఒకరు తన భావాలను పైకి కనబడనీయకుండా దాచుకుంటే, ఎదుట కూర్చుని మాట్లాడుతున్న రెండో మనిషికి కూడా రక్తపోటు పెరిగింది. గట్టిగా కనిపించే మనిషి పక్కన ఇంట్లోవాళ్లు ఎందుకు ఊపిరి బిగబట్టుకుని తిరుగుతారో నాకు ఆ పరిశోధన గురించి చదివినప్పుడే అర్థమైంది. "నీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా" అన్న మాట కూడా నేను ఎవరితోనూ అనను. ఆ మాట విన్న మనిషి బాధపడటం మానదు, బాధపడుతున్నందుకు సిగ్గుపడటం కూడా మొదలుపెడుతుంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఒంట్లో శక్తి లేదు. అప్పుడే చెల్లెలు ఫోన్ చేసింది. పలకరింపులయ్యాక, "అక్కా, నా మీద నీకేమైనా కోపమా? మొన్న సరిగ్గా మాట్లాడలేదు" అంది. లేదన్నాను. ఇంకేదో మాట్లాడి, "నిజంగా లేదు కదా?" అని మళ్లీ అడిగింది. ఫోన్ పెట్టేసే ముందు అదే ప్రశ్న ఇంకో రూపంలో వచ్చింది. భర్తనూ, స్నేహితులనూ కూడా ఇలాగే అడుగుతుందనీ, వాళ్లు విసుక్కున్నప్పుడు తన అనుమానమే నిజమైందని కుమిలిపోతుందనీ నాకు తెలుసు. జేమ్స్ కోయ్న్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1976లోనే ఈ వలయాన్ని వివరించాడు. కుంగుబాటులో ఉన్న మనిషి భరోసా కోసం మళ్లీ మళ్లీ అడుగుతుంది, ఆ భరోసా మనస్ఫూర్తిగా ఇచ్చిందేనా అన్న అనుమానంతో ఇంకా అడుగుతుంది, చివరికి చుట్టూ ఉన్నవారు విసిగి దూరం జరుగుతారు, ఏ దూరానికి భయపడిందో ఆ దూరమే ఎదురవుతుంది. "లేదమ్మా, లేదు" అని పదిసార్లు అనడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. కానీ విసుక్కోవడం ఆ కుండను పగలగొట్టడమే అవుతుంది. ఈ రెండింటి మధ్య ఏముందని చాలాకాలంగా వెతుకుతున్నాను.

నాకు దొరికిన జవాబు పసిపిల్లల మీద జరిగిన పరిశోధనలో ఉంది. తల్లీబిడ్డల అనుబంధం గురించి జాన్ బౌల్బీ చెప్పిన ఆలోచనలను ముందుకు తీసుకెళ్లిన మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ ఐన్స్‌వర్త్, దాదాపు ఏడాది వయసు పిల్లలను తల్లులతో పాటు కొత్త గదిలోకి రప్పించి, తల్లి కాసేపు బయటికి వెళ్లి తిరిగి వచ్చినప్పుడు పిల్లలు ఎలా ఉంటారో జాగ్రత్తగా గమనించింది. తల్లి వెళ్లినప్పుడు ఏడ్చారా లేదా అన్నదానికన్నా, తిరిగి వచ్చాక ఏం చేశారన్నదే ఆమెకు ఎక్కువ విషయం చెప్పింది. కొందరు తల్లిని హత్తుకుని త్వరగానే ఊరట పొంది మళ్లీ ఆటలో పడ్డారు. కొందరు తల్లిని గట్టిగా పట్టుకుంటూనే కోపంతో తోసేస్తూ ఎంతకీ ఊరడిల్లలేదు. ఇళ్లలో గమనించినప్పుడు, త్వరగా ఊరట పొందిన పిల్లల తల్లులు పిల్లల పిలుపుకు నమ్మకంగా పలికేవారుగా తేలింది. మా చెల్లెలు ఇప్పుడు పసిపిల్ల కాదు, నేను ఆమె తల్లినీ కాను. అయినా "ఎప్పుడు పలుకుతారో తెలియదు" అన్న స్థితిలో ఉన్న మనిషికి, తీపి మాటల కన్నా నమ్మదగిన వేళలు ఎక్కువ మేలు చేస్తాయని అనుభవం మీద చెప్పగలను.

అందుకే ఆమెతో, "నాకు కోపం లేదు. వస్తే నేనే నోరు తెరిచి చెబుతాను, నువ్వు ఊహించుకోనక్కర్లేదు. ఇవాళ బాగా అలిసిపోయాను, ఇంతకన్నా మాట్లాడలేను. ఆదివారం సాయంత్రం ఆరింటికి నేనే చేస్తాను" అన్నాను. అలిసిపోయానని చెప్పడానికి ఒకప్పుడు సంకోచించేదాన్ని. చెప్పకపోతే ఆ అలసటను ఆమె నా గొంతులో ఎలాగూ వింటుంది, విని దాన్ని కోపమని చదువుకుంటుంది. ఆదివారం ఆరింటికి ఫోన్ చేయడం మాత్రం తప్పకూడదు, ఎందుకంటే నేను ఇచ్చిన భరోసా అంతా ఆ వేళ మీదే ఆధారపడి ఉంది.

ఐన్స్‌వర్త్ గదిలో మరో రకం పిల్లలు కూడా ఉండేవారు. తల్లి వెళ్లినా, తిరిగి వచ్చినా పట్టనట్లు బొమ్మలతో ఆడుకునేవారు. చూసేవారికి ఎంత నెమ్మదస్తులో అనిపించేది. 1977లో అలన్ స్రూఫ్, ఎవరెట్ వాటర్స్ అటువంటి పిల్లల గుండె వేగాన్ని కొలిచిన వివరాలు ప్రచురించారు. పైకి అంత నిశ్చింతగా కనబడుతున్న పిల్లల గుండె కూడా ఏడ్చే పిల్లల గుండెలాగే వేగంగా కొట్టుకుంటోంది. ఈ సంగతి గుర్తుకొచ్చినప్పుడల్లా నాకు మా అన్నయ్య గుర్తుకొస్తాడు. ఎవరేమడిగినా "ఏం లేదు, బాగానే ఉన్నాను" అంటాడు.

రాత్రి వదిన ఫోన్ చేసింది. అన్నయ్యకు కొన్ని వారాలుగా తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తోందట, మళ్లీ నిద్ర పట్టదట. తిండి తగ్గిందట. రోజూ అక్షరం వదలకుండా చదివే పేపరు మడత విప్పకుండానే పక్కన పెట్టేస్తున్నాడట. తోటపని జోలికి వెళ్లడం లేదట. దిగులు ఎవరికైనా ఉంటుంది, వస్తుంది, పోతుంది. కానీ దాదాపు ప్రతి రోజూ, రోజులో ఎక్కువ భాగం, రెండు వారాలకు మించి ఇలా సాగితే అది పక్కన కూర్చోవడంతో తీరే దిగులు కాకపోవచ్చు. వైద్యులు కుంగుబాటు వ్యాధిని గుర్తించడానికి చూసే కనీస కాలం కూడా అదే. ఇటువంటి చోట "ధైర్యంగా ఉండు" అన్న మాట ఎంత వ్యర్థమో, "కాలమే మాన్పుతుంది" అన్న మాట అంత ప్రమాదం.

అన్నయ్యను వదిన దగ్గర ఫోన్ తీసుకుని మాట్లాడమన్నాను. ఎప్పటిలాగే, "ఏం లేదమ్మా, నిద్ర పట్టడం లేదంతే" అన్నాడు. నిద్ర గురించే కాసేపు అడిగాను. తరువాత, గొంతు వణకకుండా చూసుకుని, "అన్నయ్యా, చచ్చిపోవాలనిపిస్తోందా? అలాంటి ఆలోచనలేమైనా వస్తున్నాయా?" అని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. ఇప్పటివరకు జరిగిన పరిశోధనలు ఆ భయానికి ఆధారం లేదని చెబుతున్నాయి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, ఒంటరిగా మోస్తున్న మనిషికి మాట్లాడే దారి దొరుకుతుంది. ఎంతో తెలిసి కూడా, ఆ ప్రశ్న అడగడానికి నాకు నోరు పెగలడం కష్టమైంది.

అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. నేను కూడా ఆ ఖాళీని నింపలేదు. "చావాలని లేదు. పొద్దున్నే ఎందుకు లేవాలో తెలియడం లేదు" అన్నాడు. నాకు గుర్తున్నంతలో మా అన్నయ్య తన గురించి నాతో చెప్పిన అతి పెద్ద మాట ఇదే. "చెప్పి మంచి పని చేశావు. ఇది ఎప్పటి నుంచి అన్నయ్యా?" అన్నాను. చెప్పాడు. ఆగి ఆగి, చాలా చెప్పాడు.

మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్దామంటే మొదట ఒప్పుకోలేదు. ముందు మామూలుగా చూపించుకునే డాక్టరు దగ్గరికే వెళ్లి నిద్ర సంగతి చెబుదామని, ఆయన ఎవరి దగ్గరికి పంపితే వాళ్ల దగ్గరికి వెళ్దామని, లోపలికి నేను కూడా వస్తానని అన్నాను. వద్దనలేదు. ఈ రాత్రి వదిన పక్కనే ఉంటుంది, ఆలోచనల్లో ఏ మార్పు కనిపించినా ఎంత రాత్రయినా నాకు ఫోన్ చేయమనీ, నా కోసం ఆగకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లమనీ చెప్పాను. రేపటికి సెలవు చీటీ పంపేశాను. వదిన చెప్పినవన్నీ, నిద్ర ఎప్పటి నుంచి తగ్గిందో, తిండి ఎంత తగ్గిందో, ఏయే పనులు మానేశాడో, ఒక విడి కాగితం మీద వరుసగా రాసి సంచిలో పెట్టుకున్నాను. డాక్టరు అడిగినప్పుడు అన్నయ్య "ఏం లేదు, బాగానే ఉన్నాను" అంటే, అతని అనుమతి అడిగి ఆ కాగితం నేను చదివి వినిపిస్తాను.